విషానికీ చుట్టరికాలుంటాయి!

తొలకరి పడగానే పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రైతులు చేన్ల బాట పడతారు. అదే సమయంలో బొరియల్లోకి నీళ్లు చేరి పాములు కూడా బయటికొస్తాయి. ఎలుకల కోసం, కప్పల కోసం తిరుగుతూ మనుషులకు ఎదురవుతాయి. ‘పాము కరిచింది’ అనగానే అందరిదీ ఒకటే భయం. ఆసుపత్రిలో డాక్టరు ముందున్న ప్రశ్న మాత్రం వేరు. కరిచింది ఏ కుటుంబానికి చెందిన పాము? ఎందుకంటే పాము విషమంతా ఒక్కటి కాదు. దానికీ ఒక పుట్టుక ఉంది. చుట్టరికం ఉంది. ఊరిని బట్టి మారే గుణమూ ఉంది. ఈ సంగతులు తెలిస్తే కాటు పడ్డప్పుడు ఏ లక్షణాన్ని తేలిగ్గా తీసుకోకూడదో, పసరు మందుతో కాలయాపన ఎందుకు ప్రాణాల మీదికి తెస్తుందో, సూదిమందు ఎందుకు ఆలస్యం కాకూడదో ఇట్టే అర్థమవుతుంది.

ఏటా 58 వేల ప్రాణాలు

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. ఈ మరణాల్లో దాదాపు సగం జూన్‌ నుంచి సెప్టెంబరు లోపే సంభవిస్తున్నాయి. మొత్తం మరణాల్లో సుమారు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల పల్లె ప్రాంతాల్లోనివే. ఆ ఎనిమిదింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. అందులో తెలంగాణ కూడా కలిసే ఉంది.

పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల జబ్బుల జాబితాలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలన్నది దాని లక్ష్యం. ప్రతి పాముకాటు కేసునూ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది.

నాలుగు పాములు.. రెండు కుటుంబాలు

మన దేశంలో మూడొందలకు పైగా పాము జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం విషం లేనివే. ప్రాణాలు తీసే కాట్లలో అత్యధికం నాలుగు పాములవల్లే పడుతున్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగూ మన దగ్గర ఉన్నవే. కాలువ కింద వరి పండే మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ వైపు నేల ఒకరకం. రాళ్లు, గుట్టలు, ముళ్లపొదలతో నిండిన దేవరకొండ, అచ్చంపేట వైపు నేల మరోరకం. ఎలుకలు ఎక్కువగా ఉండే వరి మడులు, గడ్డివాముల చుట్టూ నాగుపాము, రక్తపింజర తిరుగుతాయి. ఎండిన రాతినేల, పొదలు చిన్న పింజరకు ఇష్టం. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకే వచ్చేస్తుంది.

ఈ నాలుగింటినీ రెండు కుటుంబాలుగా చూడాలి. నాగు, కట్లపాము ఒక కుటుంబం. వీటి కోరలు పొట్టిగా, కదలకుండా ఉంటాయి. రెండు పింజరలు మరో కుటుంబం. వీటి కోరలు పొడుగ్గా ఉండి, నోరు మూసినప్పుడు మడతపడి, కాటు వేసేటప్పుడు ముందుకు లేస్తాయి. ఈ రెండు కుటుంబాలూ విడిపోయి కొన్ని కోట్ల ఏళ్లు అయింది.

ఇక్కడో ఆశ్చర్యకరమైన విషయం. నాగుపాముకు రక్తపింజర కంటే జెర్రిపోతే దగ్గరి చుట్టం! పాముల వంశవృక్షంలో పింజరల కొమ్మ ముందుగానే చీలిపోయింది. జెర్రిపోతుల కొమ్మ, నాగుల కొమ్మ ఆ తర్వాత వేరుపడ్డాయి. అలాగని పల్లెల్లో చెప్పుకొనేట్టు నాగుపాము, జెర్రిపోతు జతకట్టవు. అవి వేర్వేరు జాతులు. పెనవేసుకుని పైకి లేస్తూ కనిపించేవి చాలాసార్లు పోట్లాడుకుంటున్న రెండు మగ జెర్రిపోతులే. జెర్రిపోతుతో మనకు ప్రాణాపాయం లేదు. పైగా అది ఎలుకలను తినే రైతు నేస్తం.

విషం ఎక్కడి నుంచి పుట్టింది?

విషం పాముకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒంట్లో ఏవో మామూలు పనులు చేసే ప్రొటీన్లే తరతరాల మార్పుల్లో ఆయుధాలుగా మారాయి. ఒక ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువుకు నకలు పుడుతుంది. అసలు జన్యువు తన పని తాను చేసుకుంటూ పోతుంది. నకలులో మార్పులు వచ్చి, అది తయారుచేసే ప్రొటీన్‌ విషగ్రంథిలో పనికొచ్చేదిగా మారుతుంది. అది ఎరను తొందరగా పడగొడితే ఆ పాముకు తిండి దొరుకుతుంది, సంతానం నిలుస్తుంది. కోట్ల ఏళ్లుగా జరుగుతున్నది ఇదే.

దీనికి మంచి ఉదాహరణ ఫాస్ఫోలైపేజ్‌-ఎ2 అనే ఎంజైమ్‌. ఇది కొవ్వు పదార్థాలను విడగొడుతుంది. మన క్లోమగ్రంథిలోనూ ఇలాంటిది ఉంది. అన్నం అరగడానికి సాయపడుతుంది. నాగు, కట్లపాముల విషంలో ఉన్నది ఈ జీర్ణ ఎంజైమ్‌కు దగ్గరిది. పింజరల విషంలోనూ ఇదే పేరుతో ఎంజైమ్‌ ఉంది కానీ, అది మరో శాఖ నుంచి వచ్చింది. అంటే రెండు కుటుంబాలూ ఒకే రకం సామానుతో వేర్వేరుగా ఆయుధాలు చేసుకున్నాయన్నమాట.

2020లో భారతీయ నాగుపాము జన్యుపటాన్ని శాస్త్రవేత్తలు పూర్తిగా చదివారు. 139 విష జన్యువులను గుర్తించారు. వాటిలో 19 జన్యువులు విషగ్రంథిలో మాత్రమే పనిచేస్తున్నట్టు తేలింది. ముందుగా అడ్డుకోవాల్సింది వీటినే కావటంతో కొత్త విరుగుళ్ల వేటకు ఇదొక దారి చూపింది.

తాళంచెవి ఇరుక్కుంటే..

మెదడు నుంచి వచ్చే ఆదేశం నరం చివరిదాకా వచ్చి, అక్కడ ఎసిటైల్‌కోలిన్‌ అనే రసాయనం రూపంలో కండరానికి చేరుతుంది. కండరం మీద దానికోసం ఒక తాళం లాంటి గ్రాహకం ఉంటుంది. రసాయనం తాళంచెవిలా అందులో అమరితే కండరం కదులుతుంది. నాగుపాము విషం ఈ తాళంలో అడ్డంగా ఇరుక్కుంటుంది. ఆదేశం వస్తున్నా కండరం వినదు. ముందుగా కనురెప్పలు వాలిపోతాయి. చూపు రెండుగా కనిపిస్తుంది. మాట ముద్దగా వస్తుంది. మింగటం కష్టమవుతుంది. చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. నాగు కాటు పడ్డచోట వాపు, నొప్పి, చర్మం నల్లబడటం కూడా ఉంటాయి. తాళంలో ఇరుక్కున్నదాన్ని తొలగించే వీలుంది కాబట్టి విరుగుడు మందుతో, నియోస్టిగ్మిన్‌ అనే మరో సూదితో నాగు కాటు బాధితులు తొందరగానే తేరుకోవచ్చు.

కట్లపాము అదే కుటుంబంలోది అయినా దాని పద్ధతి వేరు. దాని విషంలోని ముఖ్యమైన భాగం తాళం జోలికి పోదు. తాళంచెవిని పంపే నరం చివర్లనే దెబ్బతీస్తుంది. ఒకసారి దెబ్బతిన్నాక ఎంత మందు ఎక్కించినా అది వెంటనే బాగుకాదు. నరం చివర్లు మళ్లీ మొలకెత్తాలి. అందుకు రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. అంతవరకు వెంటిలేటరే ఊపిరి. కట్లపాము కాటుకు విరుగుడు ఎంత తొందరగా పడితే అంత మేలు అనటానికి కారణం ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు దాదాపుగా ఉండవు. గాట్లు కూడా కనిపించకపోవచ్చు. నేల మీద పడుకున్నవారు నిద్రలో ఏదో పురుగు కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టుండటం మొదలవుతాయి. తిన్నది పడలేదనుకుంటారు. ఆ తర్వాత రెప్పలు వాలతాయి. వానకాలంలో నేల మీద పడుకుని లేచిన మనిషికి తెల్లారేసరికి కారణం తెలియని కడుపునొప్పి, రెప్పలు వాలిపోవటం ఉన్నాయంటే, గాటు ఉన్నా లేకపోయినా కట్లపాము కాటే అనుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.

పింజరలది నెత్తుటి దారి

పింజరల గురి రక్తం మీద. మనకు గాయమైతే రక్తం గడ్డకట్టడానికి ఒకదాని తర్వాత ఒకటిగా పనిచేసే ప్రొటీన్లు ఉంటాయి. రక్తపింజర విషం ఈ వరుసలోని ఐదో, పదో ప్రొటీన్లను అనవసరంగా తట్టిలేపుతుంది. చిన్న పింజర విషం ప్రోత్రాంబిన్‌ను నేరుగా తట్టిలేపుతుంది. దాంతో రక్తనాళాల్లోనే గడ్డకట్టే ప్రక్రియ మొదలై, ఒంట్లోని సరుకంతా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నిజంగా అవసరమైనప్పుడు గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. చిగుళ్ల నుంచి, సూది గుచ్చినచోట నుంచి, మూత్రంలో రక్తం కారుతుంది. మెదడులోనూ రక్తస్రావం కావచ్చు. కాటు పడ్డ కాలు విపరీతంగా వాస్తుంది. రక్తపింజర కాటుతో కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్‌ అవసరమయ్యేవారూ ఉంటారు. దక్షిణ భారతంలో రక్తపింజర కాటు పడ్డ కొందరిలో రెప్పలు కూడా వాలతాయి. అందుకే ఒక్క లక్షణాన్నే పట్టుకుని పాము పేరు తేల్చకూడదు.

పింజర కాటును గుర్తించటానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం రక్తంలోకి చేరిందని అర్థం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చేయదగ్గ పరీక్ష ఇది.

రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకునేవారు ఉంటారు. ఒంటి మీద గొలుసులా మూడు వరుసల ముదురు మచ్చలు, ప్రెషర్‌ కుక్కర్‌ లాంటి బుస ఉంటే దూరంగా జరగండి. చిన్న పింజర మహా అయితే రెండడుగులు. చుట్టుకుని పొలుసులు రాసుకుంటూ రంపంతో కోసినట్టు చప్పుడు చేస్తుంది. చిన్నదని తేలిగ్గా తీసుకుంటే ప్రమాదం.

విరుగుడు తయారయ్యేది మన పక్కనే

పాము విషానికి విరుగుడు ఒక్కటే. యాంటీ స్నేక్‌ వెనమ్‌. ఆసుపత్రుల్లో ఏఎస్‌వీ అంటారు. 1890ల్లో ఫ్రెంచ్‌ శాస్త్రవేత్త ఆల్బర్ట్‌ కాల్మెట్‌ చూపిన పద్ధతే నేటికీ ఆధారం. గుర్రాలకు హాని కలగనంత కొద్ది కొద్దిగా విషం ఎక్కిస్తారు. వాటి ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. రక్తం తీసి, అందులోంచి యాంటీబాడీలను వేరుచేసి, శుద్ధిచేసి మందుగా మారుస్తారు.

ఇలా పాముకాటు మందు తయారుచేసే మన దేశంలోని కొద్ది సంస్థల్లో ఒకటి, విన్స్‌ బయోప్రొడక్ట్స్‌, ఉన్నది కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లోనే. ఒకప్పటి మహబూబ్‌నగర్‌ జిల్లా. ఇప్పుడు రంగారెడ్డి కిందికి వచ్చింది. ఇక్కడి మందు ఆఫ్రికా దేశాలకూ వెళ్తుంది.

మరి అసలు విషం ఎక్కడిది? ఎక్కువ భాగం తమిళనాడు నుంచి వస్తుంది. చెన్నై దగ్గర ఇరుళ గిరిజనులు 1978లో ఏర్పాటుచేసుకున్న సహకార సంఘం ఈ నాలుగు జాతుల పాములను అనుమతితో పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తుంది. మన దేశంలో మందు తయారీకి చాలాకాలంగా ప్రధాన ఆధారం ఈ విషమే.

మన ఏఎస్‌వీ ఒక్కటే నాలుగు పాములకూ పనిచేస్తుంది. కరిచిన పాము ఏదో తెలియకపోయినా చికిత్స ఆగదు. కాబట్టి పామును చంపి, సంచిలో వేసుకుని ఆసుపత్రికి తేవాల్సిన పనిలేదు. చంపబోయి రెండో కాటు తిన్నవాళ్లున్నారు. తల తెగిన పాము కూడా కాసేపు కరవగలదు.

ఊరు మారితే విషమూ మారుతుంది

ఒకే జాతి పాము అయినా అన్నిచోట్లా విషం ఒకేలా ఉండదు. అక్కడ దొరికే ఎర, వాతావరణం, వయసును బట్టి విషంలో పాళ్లు మారతాయి. బెంగళూరులోని ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌లో ప్రొఫెసర్‌ కార్తీక్‌ సునగర్‌ బృందం కొన్నేళ్లుగా ఈ తేడాల మీదే పనిచేస్తోంది. 2019లో ప్రచురించిన పరిశోధనలో, ఈ నాలుగూ కాని ఇతర విషసర్పాల మీద మార్కెట్లోని మందులు సరిగా పనిచేయటం లేదని చూపింది. 2021లో రక్తపింజర మీద చేసిన పరిశోధనలో ప్రాంతాన్ని బట్టి విషం ఎంత మారుతుందో, దాన్ని ఎదుర్కోవటంలో మందు ఎక్కడ వెనకబడుతుందో వెల్లడించింది.

దీని అర్థం ఏఎస్‌వీ పనికిరాదని కాదు. ఇవాళ ప్రాణం కాపాడే మందు అదొక్కటే. అయితే కొన్నిచోట్ల ఎక్కువ సీసాలు అవసరం కావచ్చు. ప్రాంతాల వారీగా విషం సేకరించి మందు చేస్తే మేలన్న వాదనకు ఈ పరిశోధనలు బలాన్నిస్తున్నాయి.

చుట్టరికం ఇక్కడ మంచికి కూడా పనికొస్తోంది. నాగు కుటుంబంలోని పాముల నరాల విషాల్లో చాలావరకు మూడు వేళ్లు చాచిన అరచేయి ఆకారంలో ఉంటాయి. ఆఫ్రికా మాంబా అయినా ఆసియా నాగు అయినా పోలిక అదే. ఈ ఉమ్మడి ఆకారాన్ని పట్టుకునే ఒక కృత్రిమ యాంటీబాడీని అమెరికాలోని స్క్రిప్స్‌ పరిశోధకులు, సునగర్‌ బృందం కలిసి 2024లో ప్రకటించారు. ఎలుకల్లో నాగు, కట్లపాము, నల్ల మాంబా విషాల నుంచి అది కాపాడింది. మనుషుల దాకా రావటానికి ఇంకా సమయం పడుతుంది. కానీ గుర్రాలతో పనిలేని మందుకు ఇదొక తొలి అడుగు.

తేలు లెక్క వేరు

తేలుకు పాముతో ఏ చుట్టరికమూ లేదు. అది సాలీడు, గోమారి కోవలోది. కాబట్టి పాముకాటు మందు తేలుకాటుకు పనిచేయదు. రాళ్ల కింద కనిపించే పెద్ద నల్ల మండ్రగబ్బను చూసి అందరూ హడలిపోతారు. నిజానికి దానికంటే చిన్నదైన ఎర్ర తేలుతోనే ఎక్కువ ప్రమాదం. దాని విషం నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. ఒళ్లంతా చెమటలు, కాళ్లూ చేతులూ చల్లబడటం, వాంతులు, గుండె దడ వస్తాయి. పిల్లల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

మహారాష్ట్రలోని మహాడ్‌ అనే చిన్న పట్టణంలో పనిచేసిన డాక్టర్‌ హిమ్మత్‌రావు బావస్కర్‌, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్‌ మాత్రతో ఈ మరణాలను బాగా తగ్గించవచ్చని చూపించారు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. నారాయణపేట సరిహద్దు దాటితే వచ్చే కర్ణాటకలోని కందకూరు గుట్ట మీద నాగపంచమి నాడు భక్తులు తేళ్లను చేతుల మీద పాకించుకోవటం మనవాళ్లకు తెలిసిందే. అది చూసి తేలుకాటు తేలికే అనుకోవద్దు. ముఖ్యంగా పిల్లలను తేలు కుడితే చెమటలు పట్టేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

విషమే మందైతే..

కోట్ల ఏళ్లుగా పదునుపెట్టిన ఆయుధం గురి తప్పదు. వైద్యులకు కావలసిందీ ఆ గురే. బ్రెజిల్‌ పింజర జాతి విషాన్ని పరిశీలిస్తూ పోతే బీపీ మందు క్యాప్టోప్రిల్‌ పుట్టింది. అది 1981లో వాడకంలోకి వచ్చింది. మన ముళ్లపొదల్లో తిరిగే చిన్న పింజర విషంలోని ఒక ప్రొటీన్‌ నమూనాగా టిరోఫిబాన్‌ తయారైంది. గుండెపోటు వచ్చినవారికి రక్తనాళాల్లో గడ్డలు పెరగకుండా ఇస్తారు. రక్తపింజర విషాన్నైతే ల్యాబుల్లో రక్తం గడ్డకట్టే తీరును పరీక్షించటానికి నేటికీ వాడుతున్నారు.

సముద్రంలో కోన్‌ నత్తలని ఉన్నాయి. శంకువు ఆకారంలో రంగురంగుల గుల్లతో ముచ్చటగా ఉంటాయి. మన్నార్‌ సింధుశాఖ, లక్షద్వీప్‌, అండమాన్‌ తీరాల్లో దొరుకుతాయి. వాటి నోట్లోంచి వచ్చే బాణం లాంటి పన్ను చేపను క్షణాల్లో చచ్చుబడేస్తుంది. కొన్ని జాతులు మనుషులనూ చంపగలవు. వీటి విషానికి విరుగుడు లేదు. నత్తకూ నాగుకూ ఏ బంధుత్వమూ లేకపోయినా వీటి విషాల్లో కొన్ని పట్టుకునేది కండరం మీదున్న అదే తాళాన్ని. వేర్వేరు దారుల్లో నడిచి ఒకే గుమ్మం దగ్గరికి చేరాయన్నమాట. ఫిలిప్పీన్స్‌ శాస్త్రవేత్త బాల్డొమెరో ఒలివెరా ప్రయోగశాలలో మొదలైన పరిశోధన ఫలితంగా ఒక కోన్‌ నత్త విషం నుంచి జికోనోటైడ్‌ అనే నొప్పి మందు వచ్చింది. 2004లో అమెరికాలో అనుమతి పొందింది. మార్ఫిన్‌కు కూడా లొంగని నొప్పికి దాన్ని వెన్నులోకి ఎక్కిస్తారు.

కాటు పడితే ఏం చేయాలి?

• ముందు ధైర్యం చెప్పండి. విషసర్పం కరిచినా చాలాసార్లు విషం ఎక్కకపోవచ్చు. భయంతో పరుగెత్తితే ఎక్కిన విషం తొందరగా పాకుతుంది.
• ఉంగరాలు, గాజులు, కడియాలు, మెట్టెలు, బిగుతు బట్టలు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవే రక్తప్రసారాన్ని ఆపేస్తాయి.
• ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్రతో వదులుగా కట్టి, ఆ కాలో చెయ్యో కదలకుండా చూడండి. నడిపించవద్దు.
• 108కు ఫోన్‌ చేయండి. ఆలస్యమయ్యేట్టుంటే బైకు మీద బాధితుణ్ని మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక ఒకరు పట్టుకుని బయల్దేరండి.
• వాంతులవుతున్నా, మగతగా ఉన్నా పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
• కాటు పడ్డ సమయం, రెప్పలు వాలటం, రక్తం కారటం ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. దూరం నుంచి ఫొటో తీయగలిగితే మంచిదే. దానికోసం పాము వెంట పడొద్దు.

ఇవి వద్దు

• తాడుతో, గుడ్డతో బిగించి కట్టొద్దు. విషం ఆగదు. కాలు మాత్రం కుళ్లిపోవచ్చు. ఎవరైనా అప్పటికే కట్టేస్తే దారిలో ఒక్కసారిగా విప్పొద్దు. ఆసుపత్రిలో డాక్టరు సమక్షంలోనే విప్పాలి.
• బ్లేడుతో కోయొద్దు. పింజర కాటైతే ఆ రక్తం ఆగదు.
• నోటితో పీల్చటం, ఐస్‌ పెట్టటం, పసరు పూయటం, విషరాయి అంటించటం వద్దు.
• మిరపకాయ, వేపాకు తినిపించి విషం ఎక్కిందో లేదో పరీక్షించొద్దు. దానికి ఆధారం లేదు. మింగలేని మనిషికి అది గొంతులో అడ్డుపడుతుంది.
• సారా, కల్లు తాగించొద్దు.

మంత్రం వేస్తే బతికాడంటారు..

‘ఫలానా ఊళ్లో మంత్రం వేయిస్తే లేచి కూర్చున్నాడు’ అన్న మాట ప్రతి పల్లెలో వినిపిస్తుంది. లేచి కూర్చున్నవాళ్లను కరిచింది చాలావరకు విషం లేని పాము. లేదా విషసర్పమే అయినా విషం ఎక్కించని పొడి కాటు. వాళ్లు మంత్రం లేకపోయినా బతికేవాళ్లే. నిజంగా విషం ఎక్కినవాడికి మాత్రం ఆ గంట, రెండు గంటలే ప్రాణం. పొడి కాటా, నిజమైన కాటా అన్నది ఇంటి దగ్గర తేలే విషయం కాదు. ఏ లక్షణం లేకపోయినా ఆసుపత్రిలో 24 గంటలు ఉంచి గమనించేది అందుకే.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తేనే ఏఎస్‌వీ ఇస్తారు. ‘పాము కరిస్తే సూది ఎందుకు వేయలేద’ని గొడవపడొద్దు. మొదటి మోతాదుగా సాధారణంగా 8 నుంచి 10 సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. పిల్లలకు కూడా పెద్దలతో సమానంగానే ఇస్తారు. ఎందుకంటే పాము పిల్లాడని చూసి విషం తగ్గించదు. గుర్రం నుంచి వచ్చిన మందు కాబట్టి కొందరికి దద్దుర్లు, వణుకు, ఆయాసం, బీపీ పడిపోవటం ఉండొచ్చు. అందుకు ఆడ్రినలిన్‌ సూది సిద్ధంగా పెట్టుకుంటారు. ఈ భయంతో మందు వద్దనకూడదు.

సర్కారు ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితం. పొడి రూపంలో ఉన్న మందుకు ఫ్రిజ్‌ తప్పనిసరి కాదు. అందుకే పల్లె ఆరోగ్య కేంద్రాల్లో కూడా నిల్వ ఉంచవచ్చు. దగ్గర్లోని కేంద్రంలో మొదటి మోతాదు వేయించుకుని, వెంటిలేటర్‌ లేదా డయాలసిస్‌ అవసరమైతే పెద్దాసుపత్రికి వెళ్లటం సరైన పద్ధతి. మందు వేయించుకోకుండా నేరుగా హైదరాబాద్‌కు బయల్దేరితే దారిలోనే విలువైన సమయం పోతుంది. మహబూబ్‌నగర్‌, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్‌, వనపర్తిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్‌ కాలేజీలున్నాయి. మీ ఊరికి దగ్గర్లో ఏ కేంద్రంలో పాముకాటు మందు ఉందో వానలు పడకముందే ఏఎన్‌ఎంను, ఆశా కార్యకర్తను అడిగి పెట్టుకోండి.

ఈ జాగ్రత్తలతో సగం ముప్పు తప్పుతుంది

• రాత్రిపూట చేనుకు మోటరు వేయటానికి వెళ్తే టార్చిలైటు, మడమలు దాటే బూట్లు, చేతిలో కర్ర ఉండాలి.
• పత్తి ఏరేటప్పుడు, వరి కోసేటప్పుడు, గడ్డి మోపు ఎత్తేటప్పుడు ముందు కర్రతో కదిపి, తర్వాత చెయ్యి పెట్టండి.
• నేల మీద పడుకోవద్దు. మంచం మీద దోమతెర కట్టుకుని, అంచులను పరుపు కిందికి దోపండి. కట్లపాము నుంచి ఇంత చవకైన రక్షణ మరొకటి లేదు.
• ఇంటి గోడకు ఆనించి కట్టెలు, పిడకలు, ఇటుకలు పేర్చొద్దు. ధాన్యం బస్తాలుంటే ఎలుకలు వస్తాయి. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది.
• ఆరుబయట మలవిసర్జనకు వెళ్లే అవసరం లేకుండా చూసుకోండి. రాత్రి పూట ఎక్కువ కాట్లు పడే సందర్భాల్లో ఇదీ ఒకటి.

నాగు, పింజర, కట్లపాము, తేలు ఒక్కోదానిది ఒక్కో వంశం. ఒక్కో విషానిది ఒక్కో దారి. వాటన్నిటినీ పోల్చుకోవటం మన పని కాదు. డాక్టరు పని. మన పని ఒక్కటే. కాటు పడ్డ మనిషిని కదపకుండా, కట్లు కట్టకుండా, మంత్రాల దగ్గర ఆగకుండా మందు ఉన్నచోటికి చేర్చటం.